80 వేలతో సొంతూరికి వస్తున్నా, ఏ వ్యాపారం పెట్టుకోవచ్చు?

డిండి వాగు (దేవరకొండ)

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక గోదాములో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. వచ్చే జీతం రూమ్ కిరాయికి, తిండికి, బస్సు చార్జీలకే సరిపోతోంది. నాన్నకు ఆరోగ్యం బాగుండటం లేదు, అమ్మ ఒక్కతే అన్నీ చూసుకోలేకపోతోంది. అందుకే ఊరికి వచ్చేద్దామని అనుకుంటున్నాను. చేతిలో 80 వేలున్నాయి. తెలిసినవాళ్ల దగ్గర ఇంకో 50 వేలు పుడతాయి, నూటికి రెండు రూపాయల వడ్డీ. రెండెకరాల చెల్క ఉంది కానీ బోరు లేదు.

యూట్యూబ్ తెరిస్తే 50 వేలు పెట్టి నెలకు లక్ష సంపాదించవచ్చని చెప్పేవాళ్లే కనిపిస్తున్నారు. వాళ్లలో ఆ పని చేస్తున్నవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేదు. మన నల్గొండ, పాలమూరు వైపు నిజంగా ఏదైనా నడుపుతున్నవాళ్లు చెబితే వింటాను. లాభం ఎంతనే కాదు, ఎక్కడ దెబ్బ తింటామో కూడా చెప్పండి.

రొట్టెల అక్క (మిర్యాలగూడ)

తమ్ముడూ, నేను బస్టాండు దగ్గర సాయంత్రం జొన్నరొట్టెలు అమ్ముతాను. ఆరింటికి బండి పెడితే పది వరకు ఉంటాను. మా అత్తమ్మ, నేను ఇద్దరం చేస్తాం, రెండు పొయ్యిలు. షుగర్ ఉన్నవాళ్లు, రాత్రి అన్నం మానేసినవాళ్లు, హాస్టల్ పిల్లలు, మిల్లుల్లో పనిచేసేవాళ్లు మా గిరాకీ. రోజూ వచ్చే మొహాలే ఎక్కువ. అదే ఈ పనిలో పెద్ద బలం.

లెక్క చెప్తాను. కిలో పిండికి పది నుంచి పన్నెండు రొట్టెలు వస్తాయి. మా దగ్గర రొట్టె 15 రూపాయలు. జొన్నలు, పిండి పట్టించిన కూలి, గ్యాసు, పక్కన ఇచ్చే పప్పు, ఎల్లిపాయ కారం, పార్సిల్ కవర్లు అన్నీ తీసేస్తే రొట్టెకు దాదాపు సగం మిగులుతుంది. కానీ ఆ సగంలోనే మా ఇద్దరి కూలి కూడా ఉందని మర్చిపోవద్దు. పాత బండి, పొయ్యిలు, పెనాలు, గిన్నెలు, సిలిండర్ డిపాజిట్ కలిపి 50 వేల లోపే మొదలుపెట్టవచ్చు.

పని మాత్రం తేలిక కాదు. జొన్నపిండికి గోధుమపిండిలా జిగురు ఉండదు. నీళ్లు బాగా మరిగించి పిండిలో పోసి, చెయ్యి పట్టే వేడికి వచ్చాక అరచేత్తో గట్టిగా పిసకాలి. ఒకేసారి అంతా కలిపి పెట్టుకుంటే చివరి రొట్టెలు అంచులు పగులుతాయి. అందుకే నేను నాలుగైదు రొట్టెలకు సరిపడా మాత్రమే కలుపుతుంటాను. పెనం మీద వేశాక పైన తడి బట్టతో అద్దాలి, ఆ తడి ఆరగానే తిప్పాలి. ఆలస్యం చేస్తే పొంగదు. పిండి రెండు మూడు రోజులకు సరిపడానే పట్టించుకోవాలి. పాత పిండితో ఎంత నేర్పున్నా రొట్టె రాదు.

వైండింగ్ షాపు (కల్వకుర్తి)

అక్క చెప్పింది బాగుంది. నాది వేరే దారి, కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాను, అంటే లోపలి రాగి తీగ మళ్లీ చుట్టడం. మన దగ్గర బోర్ల మీదే సేద్యం. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక మోటార్లు ఆగకుండా నడుస్తున్నాయి. ఫిబ్రవరి దాటితే నీళ్లు కిందికి పోతాయి, మోటారు ఒట్టిగా తిరిగి కాలిపోతుంది. ఒక ఫేజు పోయినా కాలుతుంది. వరి పొట్ట మీదున్నప్పుడు మోటారు ఆగితే రైతు రాత్రికి రాత్రే ట్రాలీలో వేసుకుని వస్తాడు. ఈ పనికి గిరాకీ వెతుక్కోవాల్సిన పని లేదు.

సామాను 30, 40 వేలలో అయిపోతుంది. అసలు పెట్టుబడి నేర్చుకోవడమే. ఎవరి దగ్గరైనా ఒక ఏడాదైనా చేతికింద పనిచేయాలి. జీతం తక్కువ ఇస్తారు, పట్టించుకోవద్దు. మోటారు తెచ్చిన వెంటనే విప్పేసేవాడు మెకానిక్ కాదు. ముందు మెగ్గర్ (తీగ మంచిగుందో లేదో చూపే మీటరు) పెట్టి చూడాలి. చాలాసార్లు వైండింగ్ మంచిగానే ఉంటుంది, కేబుల్ జాయింటులోకి నీళ్లు దిగి ఉంటాయి. ఆ జాయింటు కోసి, తుడిచి, టేపు మళ్లీ వరసలుగా చుట్టి రెండు మూడు వందలకే పంపిస్తే ఆ రైతు జన్మలో వేరే షాపుకు పోడు. కాలిందని చెప్పి వేలు గుంజినవాడి పేరు మాత్రం తండా తండాకు పాకుతుంది.

ఇక దెబ్బ ఎక్కడంటే, ఉద్దెర. రైతు పంట వచ్చాక ఇస్తానంటాడు. అబద్ధం కాదు, ఆయన దగ్గర అప్పుడే ఉంటాయి. కానీ రాగి వైరు మనకు ఉద్దెర రాదు. అందుకే వైరు పైసలు ముందు తీసుకుంటాను, నా కూలి మాత్రమే పంటకు ఆగుతాను. ఈ ఒక్క పద్ధతి పెట్టుకోకపోతే నా షాపు ఎప్పుడో మూతపడేది.

కొత్త ఆశ (సూర్యాపేట)

నాకు కూడా ఇదే సందేహం ఉంది కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. దీపం వత్తుల మిషన్ ఇస్తాం, దూది మేమే ఇస్తాం, తయారైన వత్తులు మేమే కొంటాం, లక్షా 20 వేలు కడితే చాలు అంటున్నారు. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు కదా, ఆడవాళ్లకు మంచిదే అనిపిస్తోంది. అగ్రిమెంట్ కూడా రాసిస్తారట.

కాలువ గట్టు (హాలియా)

అమ్మా, దయచేసి కట్టకండి. మా వీధిలో ఒక కుటుంబం ఇలాంటి దాంట్లోనే బంగారం కుదువ పెట్టి మిషన్ తెచ్చుకుంది. మొదటి రెండు సార్లు సరుకు తీసుకున్నారు, డబ్బులూ వేశారు. ఆ నమ్మకంతో వాళ్ల చుట్టాలు కూడా చేరారు. తర్వాత వత్తి లావుందని, సన్నగుందని, తడి పట్టిందని వంకలు మొదలయ్యాయి. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. మిషన్ ఇప్పటికీ వాళ్ల వసారాలో గోనెసంచి కప్పి ఉంది, సగం ధరకు కూడా అడిగేవాడు లేడు. ఆ అగ్రిమెంటులో కొంటాం అని ఉంది, నాణ్యత బాగుంటేనే అని కూడా ఉంది. నాణ్యత చూసేది వాళ్లే.

ఒక్కటి ఆలోచించండి. నిజంగా వత్తులకు అంత మార్కెట్ ఉన్నవాడు మిషన్లు తనే పెట్టుకుని కూలి ఇచ్చి చేయించుకుంటాడు, మీ లక్షా 20 వేలతో ఏం పని? మీరు వాళ్లను ఒక మాట అడగండి, మిషన్ నేను బయట కొనుక్కుంటాను, సరుకు మాత్రం మీకే అమ్ముతాను, సరేనా అని. ఏం జవాబు వస్తుందో చూడండి. 2012 ప్రాంతంలో ఈము పక్షుల పేరుతో తమిళనాడులోనూ మన దగ్గరా జరిగింది ఇదే. గుడ్లు, పిల్లలు కొనేది కొత్తగా చేరే పెంపకందారులే, మాంసం తినేవాడు ఎక్కడా లేడు. కొత్తవాళ్లు ఆగగానే అంతా కూలిపోయింది.

మాజీ బ్యాంకు ఉద్యోగి (మహబూబ్‌నగర్)

దేవరకొండ బాబుకు, మిగతావాళ్లకు అప్పుల గురించి నాలుగు మాటలు చెబుతాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చిన్న వ్యాపారాల ఖాతాలే చూశాను.

మీకు పుడుతుందన్న 50 వేలు నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. దానికంటే ముందు మీ అమ్మగారు మహిళా సంఘంలో ఉన్నారేమో చూడండి. సంఘానికి బ్యాంకు నేరుగా ఇచ్చే లింకేజీ అప్పు, మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి సంస్థ అప్పు బయటి వడ్డీ కంటే చాలా చౌక. పల్లెల్లో ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు. సంఘం వాయిదా తప్పితే మిగతా పది మంది మహిళలకు ఇబ్బంది కాబట్టి ఆ డబ్బు వ్యాపారానికే వాడండి, ఇంటి ఖర్చులకు కాదు.

రెండోది ముద్ర, చిన్న వ్యాపారాలకు బ్యాంకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం, 2015 ఏప్రిల్‌లో మొదలైంది. అందులో శిశు రకం 50 వేల వరకు, పూచీకత్తు అడగకూడదు. చేతిలో కొటేషన్, ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉంటే మేనేజరుతో మాట్లాడటం సులువు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో పూర్తిగా ఉచితం. దానికి వెయ్యి, రెండు వేలు అడిగేవాళ్లను నమ్మకండి.

పీఎంఈజీపీ అంటే కొత్త యూనిట్ పెట్టేవాళ్లకు బ్యాంకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం. దాని గురించి అందరూ సబ్సిడీ అనే ఒక్క మాట మాత్రమే వింటారు. 2022లో మార్చిన నిబంధనల ప్రకారం పల్లెలో జనరల్ వారికి ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీల వంటి ప్రత్యేక వర్గాలకు 35 శాతం. సొంత వాటా జనరల్ వారికి 10 శాతం, మిగతావారికి 5 శాతం. అంటే 5 లక్షల యూనిట్ పల్లెలో ఒక బీసీ యువకుడు పెడితే 25 వేలు తను పెట్టుకోవాలి, సబ్సిడీ లక్షా 75 వేలు. కానీ ఆ సబ్సిడీ మీ చేతికి రాదు. మూడేళ్లు మీ పేరుతో బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తుంటే అప్పులో జమవుతుంది. మొదటి నెల నుంచే వాయిదాలు కట్టగలరా అన్నదే చూసుకోవాలి. దరఖాస్తుకు ముందు జిల్లా పరిశ్రమల కేంద్రానికి స్వయంగా వెళ్లి ప్రస్తుతం ఏది నడుస్తోందో అడగండి, మధ్యవర్తి వద్దు.

ఇంకొకటి, ఇది అందరికంటే బండ్లవాళ్లకు చెప్పాల్సింది. డైలీ ఫైనాన్స్. పది వేలని రాసుకుని చేతికి తొమ్మిది వేలు ఇస్తాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ రోజూ తిరిగి కడుతున్నారు కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మీ దగ్గర ఉండేది నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే ఏడాదికి 80 శాతం దాటుతుంది. బండి ఎంత బాగా నడిచినా లాభం మొత్తం సాయంత్రం బైకు మీద వచ్చేవాడికే పోతుంది. వీధి వ్యాపారులకు 2020లో తెచ్చిన పీఎం స్వనిధి అప్పు ఈ ఉచ్చు నుంచి తప్పించడానికే. మున్సిపాలిటీలో వీధి వ్యాపారిగా పేరు నమోదు చేయించుకుంటే అది అడగవచ్చు.

డిండి వాగు (దేవరకొండ)

అందరికీ చాలా థాంక్స్. వత్తుల మిషన్ వాళ్లు నాకూ ఫోన్ చేశారు, వద్దనుకున్నాను. సార్, అమ్మ సంఘంలోనే ఉంది, ఇంతకుముందు తీసుకున్నది కట్టేసింది కూడా. ఇంకో ప్రశ్న. మాకు చెల్క ఉంది కదా, పల్లీ వేసి గానుగ నూనె పెడితే ఎలా ఉంటుంది? లీటరు మంచి ధర పలుకుతోంది.

గానుగ (వనపర్తి)

ధర చూసి రావద్దు, లెక్క చూసి రా. పది కిలోల పల్లీ గింజకు నాలుగు కిలోల నూనె వస్తే మంచిగా వచ్చినట్టు. మిగిలింది చెక్క, అంటే నూనె తీసిన పిప్పి. అది బర్రెలకు అమ్ముడుపోతుంది, ఆ డబ్బుతోనే కరెంటు, కూలి గడుస్తాయి. కట్టె గానుగ మూడు హెచ్‌పీ మోటారుతో లక్షన్నర నుంచి మొదలవుతుంది. నీ 80 వేలకు అది దాటిపోతుంది. అదీ కాక, మన వైపు పల్లీ యాసంగి పంట, జనవరి నుంచి మార్చి దాకా మార్కెట్‌కు వస్తుంది. అప్పుడే ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోవాలి. మిషన్ కంటే ఆ సరుకుకే ఎక్కువ పైసలు కావాలి. చాలామంది మిషన్ కొని, సరుకు కొనడానికి లేక జూన్ నెలలో ఖాళీగా కూర్చుంటారు.

మరి నేనెలా నిలబడ్డానంటే, మొదట్లో నూనె అమ్మలేదు. జనం తమ పల్లీలు, నువ్వులు, కుసుమలు తెచ్చుకుంటే ఆడించి ఇచ్చేవాణ్ని, కిలోకు ఇంత అని కూలి. కళ్ల ముందే నూనె దిగుతుంది కాబట్టి కల్తీ అన్న అనుమానమే రాదు. చెక్క ఎవరిది వాళ్లకు ఇచ్చేస్తాను. అలా నమ్మకం కుదిరాకే సొంతంగా సీసాలు పెట్టాను. దిగిన నూనెను వెంటనే సీసాలో పోయకూడదు, రెండు మూడు రోజులు స్టీలు డ్రమ్ములో కదలకుండా ఉంచితే మడ్డి కిందికి దిగుతుంది. తొందరపడితే అడుగున నల్లగా పేరుకుని గిరాకీ తిరిగి తెస్తారు. గింజలో బూజు పట్టినవి ఏరేయకపోతే చేదు, వాసన, పైగా ఆరోగ్యానికి ప్రమాదం. మా యాసంగి పల్లీకి పేరు వచ్చిందే బూజు తక్కువని.

నువ్వు మాత్రం ఇప్పుడే వద్దు. రెండేళ్లు ఏదైనా నడిపి చేతిలో సరుకు డబ్బు చేరాక రా, మిషన్ ఎక్కడ కొనాలో నేనే చూపిస్తాను.

బత్తాయి తోట (నల్గొండ)

నల్గొండ పేరు చెబితే బత్తాయి, మరి జ్యూస్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆగస్టు, సెప్టెంబర్‌లో కాయ విరగబడి వచ్చినప్పుడు తోట దగ్గర మాకు గిట్టే ధర చూస్తే కడుపు మండుతుంది, తరుగు పేరుతో ఇంకొంత పోతుంది. అదే కాయ గడియారం సెంటర్‌లో గ్లాసులోకి వచ్చేసరికి ఎన్నో రెట్లు. చేత్తో తిప్పే జ్యూస్ మిషన్, ఐస్ డబ్బా, బండి ఉంటే చాలు. పెద్ద గ్లాసుకు మూడు కాయలు పడతాయి. తోటల నుంచి నేరుగా తెచ్చుకునేవాడికి మార్కెట్‌లో కొనేవాడికంటే బాగా కలిసివస్తుంది. వానాకాలంలో జ్యూస్ తాగేవాళ్లు తక్కువ, ఎండాకాలంలో కాయ ఖరీదు ఎక్కువ. ఈ తిరకాసు తెలుసుకునే దిగాలి.

కొత్త ఆశ (సూర్యాపేట)

అన్నా, అదే జ్యూస్ సీసాల్లో పోసి ఊళ్లకు పంపితే? ఫ్రిజ్ ఉంది మా ఇంట్లో.

బత్తాయి తోట (నల్గొండ)

కుదరదమ్మా. బత్తాయి రసం పిండిన కాసేపటికి తియ్యగానే ఉంటుంది, నిల్వ ఉంచేకొద్దీ చేదెక్కుతుంది. కాయలో ఉన్న గుణమే అది, ఫ్రిజ్‌లో పెట్టినా ఆగదు. గింజ నలిగితే, లోపలి తెల్ల పొర ఎక్కువ పిండితే ఇంకా త్వరగా. అందుకే ఎదురుగా పిండి ఇవ్వడమే. బాలానగర్ వైపు సీతాఫలం గుజ్జు తీసేవాళ్లకూ ఇలాంటి తిప్పలే, గాలి తగిలితే గుజ్జు రంగు మారుతుంది, వెంటనే గడ్డకట్టించే డీప్ ఫ్రీజర్ లేనిదే పని జరగదు.

నాటుకోళ్లు (నకిరేకల్)

చెల్క ఉందన్నాడు కాబట్టి ఒక మాట. నాటుకోళ్లు పెంచుకోవచ్చు కానీ మొదట 50 పిల్లలకు మించి వద్దు. కొక్కెర తెగులు రాకుండా వారం లోపు లసోటా టీకా చుక్కలు, నాలుగో వారంలో మళ్లీ, ఎనిమిదో వారంలో ఆర్2బి టీకా వేయించాలి. ఆ తెగులు వచ్చాక మందు లేదు, పొద్దున ఉన్న కోళ్లు సాయంత్రానికి ఉండవు. వనరాజా, గ్రామప్రియ రకాల కోడిపిల్లలు కావాలంటే రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఉంది, ముందుగా చెప్పి పెట్టుకోవాలి. ఇల్లు గడిచే ఆదాయం దీనితోనే రావాలంటే కష్టం, పక్కన నడిచే పనిగా బాగుంటుంది.

చీరల మడత (నారాయణపేట)

నేను మగ్గాల దగ్గర నుంచి చీరలు తెచ్చి వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి అమ్ముతాను. పెట్టుబడి లేనట్టే, అమ్ముడైన చీరకే నేతన్నకు ఇస్తాను. కానీ ఇది కొన్ని నెలలు నష్టమూ లాభమూ లేకుండా ఓపిక పట్టగలవాళ్ల పని, నీకు ఇంట్లో వెంటనే డబ్బు కావాలి. అందుకే రోజూ గల్లాలో నోటు పడే పనే ఎంచుకో. పైన వైండింగ్ అన్న చెప్పిన ఉద్దెర మాట మా దగ్గరా అంతే. చుట్టాలకు, స్నేహితులకు ఇచ్చిన చీరల డబ్బే అన్నింటికంటే ఆలస్యంగా వస్తుంది. అడిగితే సంబంధాలు చెడతాయి, అడగకపోతే వ్యాపారం చెడుతుంది. మొదటి రోజే బండి మీద ఉద్దెర లేదని రాసి పెట్టు, అప్పుడు ఎవరూ నొచ్చుకోరు.

డిండి వాగు (దేవరకొండ)

అన్నీ చదివి అమ్మతో మాట్లాడాను. అమ్మకు రొట్టెలు బాగా వచ్చు. మా దగ్గర బస్టాండు ఉంది, హాస్టళ్లు ఉన్నాయి, సాయంత్రం చపాతీ బండ్లు ఉన్నాయి కానీ జొన్నరొట్టె బండి ఒక్కటే కనిపించింది. సాయంత్రం బండి పెడతాం. పగలు నాకు ఖాళీ ఉంటుంది కాబట్టి వైండింగ్ నేర్చుకోవడానికి మా దగ్గరే ఒక షాపులో అడిగాను, రమ్మన్నారు. 80 వేలలో 45 వేలు దాటకుండా బండికి పెట్టి, మిగతాది ముట్టుకోకూడదని అనుకున్నాను. బయటి అప్పు తీసుకోవడం లేదు. సిలిండర్, లైసెన్సు, జొన్నల సంగతి అక్క చెబితే మొదలుపెట్టేస్తాం.

రొట్టెల అక్క (మిర్యాలగూడ)

చాలా సంతోషం తమ్ముడూ. సిలిండర్ ఇంటిది వాడకు, పట్టుకుంటే జరిమానా, పైగా బండి కూడా తీసుకుపోతారు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ కనెక్షన్ తీసుకో, గాలికి మంట పోకుండా పొయ్యికి మూడు వైపులా రేకు కట్టించు. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ (తిండి అమ్మేవాళ్ల నమోదు) మీ సేవలోనో ఆన్‌లైన్‌లోనో చేయించుకో, మన లాంటి చిన్న బండ్లకు ఫీజు చాలా తక్కువే. జీఎస్టీ టెన్షన్ నీకు లేదు, మన రాష్ట్రంలో 20 లక్షలు దాటితేనే.

జొన్నలు మాల్దండి రకం అడుగు. మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు దొరుకుతాయి, రొట్టె మెత్తగా వస్తుంది, తీపి ఉంటుంది. హైబ్రిడ్ జొన్న చౌక కానీ చల్లారితే రొట్టె అట్టలా అవుతుంది, పార్సిల్ తీసుకుపోయినవాళ్లు మళ్లీ రారు. కొనేముందు గుప్పెడు తీసుకుని నోట్లో వేసుకుని నమిలి చూడు, పాతవైతే పిండి పిండిగా ఉండి రుచి ఉండదు. మొదటి వారం ఐదు కిలోల పిండి కంటే ఎక్కువ పట్టించకు. పప్పు రోజూ ఒకటే పెట్టకు, ఒకరోజు పాలకూర, ఒకరోజు టమాటా, ఆదివారం మాత్రం నాటుకోడి పులుసు పెట్టు, నకిరేకల్ అన్న దగ్గర కోళ్లు దొరుకుతాయేమో అడుగు. అమ్మ కూర్చుని తట్టేలా కాకుండా నడుము ఎత్తుకు బల్ల చేయించు, నాలుగు గంటలు వంగి చేస్తే నెల తిరక్కుండానే నడుం పట్టేస్తుంది.